పిన్నాపురం కరెంటులో పల్లె వాటా ఎంత?

నంద్యాల జిల్లాకు కరెంటు కొదవ లేదు. శ్రీశైలం కుడిగట్టున 770 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం ఉంది. గని, శకునాల పరిసరాల్లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017 నుంచి నడుస్తోంది. పాణ్యం మండలం పిన్నాపురం కొండల్లో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు వెలసింది. అయినా ఆళ్లగడ్డ శిల్పి రాయి కోసే మిషను తిప్పినా, నంద్యాల సంజీవనగర్‌లో ఫ్యాను తిరిగినా, మీటర్ రీడర్ చేతికిచ్చే చీటీలో వాడకం లెక్క కింద సర్దుబాటు చార్జీల వరస తప్పదు. 2022-23కు రూ.6,072 కోట్లు, 2023-24కు రూ.9,412 కోట్లు! ఎప్పుడో కాల్చిన కరెంటుకు ఇంత బాకీ తేల్చి, వసూలుకు విద్యుత్ నియంత్రణ మండలి అనుమతించింది.

రాష్ట్ర ఇంధన విధానాన్ని జీవోలతో కాదు, శాసనసభలో బిల్లు పెట్టి సవరించాలి. ఆ బిల్లులో ప్రాజెక్టు గ్రామాల వాటాను అంకెలతో సహా రాయాలి.

పిన్నాపురం సంగతే చూడండి. గోరుకల్లు జలాశయం నీళ్లను మధ్యాహ్నపు మిగులు సౌరవిద్యుత్తుతో పై జలాశయానికి తోడతారు, గిరాకీ పెరిగే సాయంత్రం కిందికి వదిలి కరెంటు తీస్తారు. మంచి ఏర్పాటే. ఆర్సెలర్ మిట్టల్ ఈ ప్రాంతంలో పెట్టిన 975 మెగావాట్ల సౌర, పవన ప్రాజెక్టు ఈ నిల్వతో ముడిపడింది. ఆ కరెంటు చేరేది గుజరాత్‌లోని హజీరా ఉక్కు కర్మాగారానికి! కొండ మనది, నీళ్లు మనవి. ఊరికి దక్కేదేమిటి? 2008 జాతీయ జలవిద్యుత్ విధానం సొంత రాష్ట్రానికి 12 శాతం ఉచిత విద్యుత్తు, స్థానికాభివృద్ధి నిధికి మరో 1 శాతం ఇమ్మంది. 2023 ఏప్రిల్‌లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు పంప్డ్ స్టోరేజీకి ఆ రెండు బాధ్యతలనూ తప్పించాయి. బేతంచెర్లలో నాపరాయి తవ్వితే జిల్లా ఖనిజ నిధికి సొమ్ము జమ కావాలి. పాణ్యంలో కొండను తొలిస్తే ఆ మాత్రం నియమమైనా ఎందుకు ఉండదు?

వాటా అంటే పెట్టుబడిదారు పారిపోతాడని అధికారులు భయపెడతారు. అతడిని నిజంగా బెదరగొట్టింది ప్రభుత్వాల పిల్లిమొగ్గలు. 2018లో ఒక విధానం, మరుసటి ఏడాదే దానికి సవరణ, 2020లో ఎగుమతి విధానం, 2024 అక్టోబరులో మళ్లీ కొత్తది. 2019 జూలైలో పాత సౌర, పవన ఒప్పందాలను తిరగదోడేందుకు 63వ నంబరు జీవోతో కమిటీ వేశారు. వ్యవహారం హైకోర్టుకెక్కింది. 2022 మార్చిలో తీర్పు కంపెనీల వైపే వచ్చింది. ఇలాంటి పేచీల ఖర్చు చివరికి చేరేది బిల్లు కట్టేవాడి ఇంటికే. సభ చేసిన చట్టాన్ని కలం పోటుతో మార్చలేరు, కంపెనీకీ అదే భరోసా.

ఇప్పుడున్న సమీకృత స్వచ్ఛ ఇంధన విధానం మంత్రివర్గం ఆమోదించినది. లక్ష్యం 160 గిగావాట్ల పైమాట, పెట్టుబడి అంచనా రూ.10 లక్షల కోట్లు. ఇంత భూమిని, నీటిని తాకే నిర్ణయానికి కేబినెట్ గది సరిపోదు. 1998లో విద్యుత్ సంస్కరణల చట్టాన్ని, అది ఎంత వివాదాస్పదమైనా, ఉమ్మడి రాష్ట్ర శాసనసభే చేసింది. నియంత్రణ మండలి ఆ చట్టంతోనే పుట్టింది. ఇప్పుడు ఆ మాత్రం శ్రమ కూడా బరువైందా? ప్రతిపక్షం సభకు రాకపోవడం సాకు కాదు. రానివారి నిర్వాకాన్ని ఓటరు చూసుకుంటాడు.

ఢిల్లీ సంగతీ ఉంది. రాయితీ కరెంటు కోసం పరిశ్రమల నుంచి అదనంగా వసూలు చేసే క్రాస్ సబ్సిడీని ఎత్తేసే విద్యుత్ సవరణ ముసాయిదాను కేంద్రం 2025 అక్టోబరులో విడుదల చేసింది. ఆ భారం చివరికి రైతు మోటారు మీదో, రాష్ట్ర ఖజానా మీదో పడుతుంది. విద్యుత్తు ఉమ్మడి జాబితాలోని అంశం, రాష్ట్రానికి నోరుంది. అంతకుముందరి కేంద్ర బిల్లుపై తెలంగాణ శాసనసభ 2022 సెప్టెంబరులోనే తీర్మానం చేసింది. మన సభ కూడా తన మాట రికార్డులకు ఎక్కించాలి.

2024లో నంద్యాల, ఆళ్లగడ్డ సహా జిల్లా స్థానాలన్నీ అధికార పక్షానికే దక్కాయి. మంత్రులూ ఇద్దరున్నారు. స్థానిక వాటా బిల్లు కోరుతూ వచ్చే సమావేశాల్లో మొదటి నోటీసు ఈ జిల్లా సభ్యుల సంతకాలతోనే వెళ్లాలి.