‘ఏబుల్ టు’ అను పలుకుబడి

ఇంగ్లీషు నేర్చుకొను తెలుగు విద్యార్థుల నోట వినవచ్చు తప్పులలో ఒకటి మిక్కిలి ప్రసిద్ధమైనది. “ఐ కెన్ ఏబుల్ టు డూ ఇట్” అని వారు నిస్సంకోచముగా చెప్పుదురు. పరీక్షాపత్రములలోనే కాదు, ఉద్యోగమునకై పెద్దలు వ్రాసికొను దరఖాస్తులలోను ఈ వాక్యము అప్పుడప్పుడు కానవచ్చుచుండును. ఉపాధ్యాయుడు ఎఱ్ఱసిరాతో ‘కెన్’ అను మాటను కొట్టివేసి, దాని తావున ‘యామ్’ అని వ్రాయును. విద్యార్థి ఆ దిద్దుబాటును చూచి తలయూపును. మఱునాడు మరల ఆ వాక్యమునే వ్రాయును.

ఇందుకు విద్యార్థి తెలివితక్కువతనము కారణము కాదు. అతనికి చెప్పిన పాఠమే కారణము. ‘కెన్’ అనగా ‘గల’, ‘ఏబుల్ టు’ అనగా ‘గల’, కావున రెండును ఒకటే యని నల్లబల్లమీద వ్రాసి చూపుట పెక్కు తరగతులలో ఆచారమైపోయినది. రెండు మాటలును ఒకటే యైనప్పుడు రెంటిని కలిపి చెప్పినచో వాక్యమునకు బలము హెచ్చునని బాలుడు తలచుటలో వింత యేమున్నది? అంగడిలో సరకు కొనునప్పుడు ఒక పిడికెడు కొసరు వేయించుకొనుట ఎఱిగిన వాడే గదా!

నిజమునకు ఆ రెండు మాటల పుట్టుకలే వేఱు. ‘కెన్’ అనునది ప్రాచీనాంగ్లమున ‘తెలియుట’ యను నర్థముగల క్రియనుండి వచ్చినది. ఒక పనిని ఎట్లు చేయవలెనో తెలిసినవాడు దానిని చేయును గాన, తెలియుట యనుమాట క్రమముగా చేయుటకు శక్తి యుండుట యను నర్థమును పొందినది. ‘ఏబుల్’ అను మాట యన్ననో లాటినుభాషలోని ‘హబిలిస్’ అను పదమునుండి ఫ్రెంచిభాష మీదుగా ఇంగ్లీషులోనికి వచ్చి చేరినది. ఆ పదమునకు మూలమైన ధాతువునకు పట్టుకొనుట, కలిగియుండుట అని యర్థము. తెలుగువారి ‘గల’ యను మాటయు ‘కలుగు’ అను ధాతువునుండి పుట్టినదే. కలిగియుండుట యను భావమునుండి శక్తిని తెలుపు మాటను చేసికొనుట ఎంతో దూరమున నున్న రెండు భాషలలో నొక్క తీరుగనే జరుగుట ముచ్చట గొలుపు విషయము. ఇక ‘కెన్’ అను మాటకు తెలుగున దగ్గఱి చుట్టమును వెదకినచో అది ‘వచ్చును’ అను క్రియ కావచ్చును. “నాకు ఈత వచ్చును” అన్నచో నేర్చిన విద్య చెప్పబడుచున్నది. “ఈ యేటిని ఈదగలను” అన్నచో కండబలమును గుండెబలమును గూడ చెప్పబడుచున్నవి.

‘కెన్’ అనునది అవిటి క్రియ. దానికి ‘కెన్’, ‘కుడ్’ అను రెండు రూపములే కలవు. అందలి ‘కుడ్’ అను రూపములో పలుకబడని ‘ఎల్’ అను అక్షరము సయితము దాని సొంతము కాదు. ‘వుడ్’, ‘షుడ్’ అను మాటలను చూచి వ్రాతగాండ్రు తెచ్చిపెట్టినది. ఆ యక్షరమును మఱచి మార్కులు పోగొట్టుకొను బాలురకు ఈ సంగతి కొంత యోదార్పు కావచ్చును. ‘కెన్’ తాను పోలేని చోటులకెల్ల ‘ఏబుల్ టు’ అను పలుకుబడిని పంపును. “వచ్చు ఏడాదికి నీవు ఈదగలవు” అను వాక్యమును చూడుడు. ఆ శక్తి నేడు లేదు, మీద రానున్నది. అప్పుడు ఇంగ్లీషున “యు విల్ బీ ఏబుల్ టు స్విమ్ నెక్స్ట్ ఇయర్” అనవలయును. ‘విల్ కెన్’ అనుట ఆ భాషలో లేదు. తెలుగున ‘ఈదగలవు’ అను నొక్క రూపమే నేటికిని రేపటికిని సరిపోవుచున్నది గనుక, బాలుడు ఇచ్చట తడబడుట సహజము.

అయినను అసలు చిక్కు భవిష్యత్కాలమున లేదు, భూతకాలమున నున్నది. వ్యాకరణ పుస్తకములు దీనిని ఒక చిన్న గమనికగా పుట యడుగున వ్రాసి ముందునకు సాగిపోవుట సరికాదు. పడవ ప్రమాదమునుండి బయటపడిన యొకనిగూర్చి అతని బంధువులకు జాబు వచ్చినదనుకొనుడు. అందు “హి వజ్ ఏబుల్ టు స్విమ్ టు ద బ్యాంక్” అని యున్నచో అతడు ఒడ్డునకు చేరినాడు, ఇంటివారు ఊపిరి పీల్చుకొనవచ్చును. “హి కుడ్ స్విమ్” అని మాత్రమే యున్నచో, అతనికి ఈత వచ్చియుండెనని తెలియునే గాని, ఆనాడు ఒడ్డునకు చేరినది లేనిది తెలియదు. శక్తి యుండుట వేఱు. ఆ శక్తితో ఒకానొక సమయమున పని నెఱవేర్చుట వేఱు. మొదటిదానికి ‘కుడ్’, రెండవదానికి ‘వజ్ ఏబుల్ టు’ వాడుట ఇంగ్లీషు సంప్రదాయము. “నిన్న నేను కలెక్టరుగారిని కలిసికొనగలిగితిని” అను తలంపుతో “యెస్టర్డే ఐ కుడ్ మీట్ ద కలెక్టర్” అని వ్రాసినచో, ఇంగ్లీషువాడు ‘కలిసినాడా, లేదా?’ యని సందేహపడును.

ఈ భేదము తెలుగు బాలునకు కొత్తది కాదు. అతడు పలక పట్టకముందే దీనిని ఎఱుగును. “మా తాత చిన్నతనములో గోదావరిని ఈదగలిగెడివాడు” అని ఒకడు చెప్పినచో, అది తాతగారి శక్తిని గూర్చిన మాట. “నిన్న వరదలో ఈదగలిగెను” అని చెప్పినచో, అది జరిగిన పని. ఇంటిలో, వీథిలో, పొలములో ఈ రెండు రూపములను తాఱుమాఱు చేయు తెలుగు పిల్లవాడు కానరాడు. ‘ఈదగలిగెడివాడు’ అనుచోట ‘కుడ్’, ‘ఈదగలిగెను’ అనుచోట ‘వజ్ ఏబుల్ టు’ అని చెప్పినచో పాఠము పది నిమిషములలో ముగియును. ఇంతటి సులభమార్గము విద్యార్థి నాలుకమీదనే యుండగా, దానిని విడిచి ఖాళీలు పూరింపుమని నలుబది వాక్యములిచ్చుట వృథాశ్రమ.

ఇంగ్లీషు తరగతిలో తెలుగుమాట వినబడరాదని వాదించువారు కొందఱు కలరు. మాటకు మాట వేసి అనువదించు అలవాటు చెఱుపు చేయునను వారి భయము నిరాధారమైనది కాదు. “కెన్ ఏబుల్ టు” అను వాక్యమే అందుకు సాక్ష్యము. కాని ఆ వాక్యము పుట్టినది తెలుగును ఎక్కువగా తలచుటవలన గాదు, తక్కువగా తలచుటవలన. ‘గల’ యను నొక్క మాటనే పట్టుకొని, దాని పక్కనున్న ‘గలిగెను’, ‘గలిగెడివాడు’, ‘వచ్చును’, ‘చేతనగును’ అను వానిని చూడకపోవుటవలన కలిగిన తప్పది. ఇంగ్లండునుండి ఈ దేశమునకు వచ్చి తెలుగు నేర్చిన దొరలు తమ భాషను మఱచి నేర్వలేదు. క్యాంబెలు 1816లోను, బ్రౌను 1840లోను, ఆర్డెను 1873లోను తెలుగు వ్యాకరణములను ఇంగ్లీషున వ్రాసి ప్రకటించిరి. తమ భాషను దీపముగా పట్టుకొని వారు తెలుగింటిలోనికి వచ్చిరి. తెలుగు బాలుడు చీకటిలో తడవుకొనుచు ఇంగ్లీషింటిలోనికి పోవలసిన యగత్య మేమి?

ఈ పోలికవలన తెలుగునకును లాభమే. “అతడు రాలేదు” అన్నచో వచ్చుట జరుగలేదని యర్థము. “అతడు రాలేడు” అన్నచో వచ్చుటకు శక్తి లేదని యర్థము. ఒక్క అక్షరమున భేదము స్పష్టము. కాని “అక్క రాలేదు” అను వాక్యమును తీసికొనుడు. అక్క వచ్చుట జరుగలేదా? వచ్చుటకు ఆమెకు శక్తి లేదా? రెండర్థములును అందు కలవు. సందర్భమునుబట్టి వినువాడే గ్రహింపవలెను. సెలవుచీటిలో దీనిని ఇంగ్లీషున వ్రాయబూనిన తమ్ముడు ‘డిడ్ నాట్ కమ్’ అనవలెనో, ‘ఈజ్ నాట్ ఏబుల్ టు కమ్’ అనవలెనో తేల్చుకొనక తప్పదు. మొదటిది వ్రాసినచో అక్క మీద తప్పు పడును. రెండవది వ్రాసినచో ఆమె జ్వరమును ఉపాధ్యాయుడు అర్థము చేసికొనును. తన మాటలోని ఈ మెలికను తమ్ముడు ఇంగ్లీషు వ్రాయునప్పుడు గాని గమనింపడు.

ఇక చిన్న మినహాయింపులు. చూచుట, వినుట, వాసన తెలియుట మొదలగు ఇంద్రియజ్ఞానమును తెలుపు క్రియలతో జరిగిన పనికిని ‘కుడ్’ చెల్లును. “ఐ కుడ్ హియర్ ద బెల్” అన్నచో గంట వినబడినదనియే యర్థము. వ్యతిరేకార్థమున ‘కుడ్ నాట్’ అనినను, ‘వజ్ నాట్ ఏబుల్ టు’ అనినను దోషము లేదు. పని కానప్పుడు శక్తికిని ఫలమునకును నడుమ తగవుండదు గదా! అనుమతి యడుగునపుడు మాత్రము ‘ఏబుల్ టు’ పనికిరాదు. లోపలికి రావచ్చునా యని గుమ్మమున నిలిచి యడుగు బాలుడు తన కాళ్ల బలమును గూర్చి ప్రశ్నించుట లేదు.

ఈ భేదమును చూపుటకు ఎవరెస్టు శిఖరమును మించిన యుదాహరణము లేదు. 1953 మే 29న టెన్సింగు, హిల్లరీ దానిని ఎక్కగలిగిరి. నిజామాబాదు జిల్లా బాలిక మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదునాలుగేండ్లు నిండకముందే, ఎక్కగలిగెను. వీరిని గూర్చి ఇంగ్లీషున వ్రాయువారు ‘ఏబుల్ టు’ అను పలుకుబడిని నిశ్చింతగా వాడవచ్చును. వీరందఱికంటె ముందు, 1924 జూన్‌లో, మాలొరీ, ఇర్విన్ అను ఇద్దఱు ఇంగ్లీషువారు శిఖరమునకు చేరువలో మబ్బుల చాటునకు పోయి తిరిగి రాలేదు. మాలొరీ దేహము 1999లో మంచుకొండపై దొరకినది. వారు ఎక్కగలవారని వ్రాయుటకు సందేహింపనివారు పెక్కుమంది కలరు. ఎక్కగలిగిరని వ్రాయుటకు వలయు ఆధారము మాత్రము నేటివరకును లభింపలేదు.