కంటికి కనబడని తోడు



కొంతకాలం క్రితం హైదరాబాదు పాతబస్తీలో ఒక కుటుంబాన్ని దర్శించాను. ముందుగదిలోని అద్దాల తొట్టెలో ఎప్పుడూ తిరుగాడే గోల్డు చేపలు లేవు. "ఏమైంది బాబూ?" అని అడిగితే పిల్లవాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. తల్లి చెప్పింది: "ఫిల్టరు మురికిపట్టిందని కుళాయి కింద తళతళలాడేలా కడిగామండీ అయ్యగారూ. నాలుగో రోజుకు చేపలన్నీ పైకి తేలాయి."

శుభ్రము చేయడం తప్పు కాదు. చేసిన విధానమే పొరపాటు.

వారిది క్యానిస్టర్ ఫిల్టరు. అంటే తొట్టె కింద ఉండే మూత బిగించిన డబ్బా. ఒక గొట్టం గుండా నీరు దిగి, స్పాంజి, పింగాణీ రింగుల మధ్యగా సాగి, మోటారు ద్వారా తిరిగి పైకి చేరుతుంది. చేపల విసర్జన నుండి, మిగిలిన మేత నుండి అమ్మోనియా పుడుతుంది. పశువుల కొట్టంలో ముక్కుకు ఘాటుగా తగిలేది అదే. చేపకు అది విషము. స్పాంజిలో, రింగులలో కాపురముండే సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా, తరువాత అంతగా హాని చేయని నైట్రేటుగా మారుస్తాయి. మన పొలంలో చల్లిన యూరియా నైట్రేటుగా మారి పైరుకు అందడం కూడా ఇటువంటి జీవుల వలననే.

1908 మూసీ వరదల తరువాత కట్టిన ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) ఈ నగరానికి తాగునీరిచ్చాయి. తరువాత కృష్ణా, గోదావరి నీళ్లు కూడా వచ్చాయి. ఏ నీరైనా క్లోరిన్ కలిపాకే కుళాయికి వస్తుంది. మనలను కలరా నుండి కాపాడే ఆ క్లోరినే ఫిల్టరులోని మేలుచేసే జీవులను చంపుతుంది. తోడుకు ఉంచిన పెరుగు గిన్నెను తోమేసి, పాలు ఎందుకు తోడుకోలేదని అడిగినట్లే!

కాబట్టి ఇలా చేయండి. ముందు ప్లగ్గు తీయండి. గొట్టాల కవాటాలు మూసి డబ్బా విప్పండి. తొట్టెలోని నీటినే ఒక బకెట్‌లో తీసుకొని స్పాంజిని అందులో పిండండి. రింగులను ఊరకే జాడించండి. సబ్బు వద్దు. అన్నీ ఒకేసారి మార్చవద్దు. మోటారులోని చిన్న చక్రానికి పట్టిన జిగురు తుడవండి. మూత కింది రబ్బరు రింగు మీద ఇసుక రేణువు, వెంట్రుక లేకుండా చూడండి. ఉంటే నీరు కారుతుంది.

తిరిగి బిగించాక వెంటనే స్విచ్ వేయవద్దు. కవాటాలు తెరవండి. తొట్టె నీరు తనంతట తాను దిగి డబ్బాను నింపుతుంది, గాలి పైకి పోతుంది. నిండిన తరువాతే స్విచ్ వేయండి. గరగరమంటే లోపల గాలి మిగిలిందన్న మాట. డబ్బాను మెల్లగా అటూ ఇటూ వంచండి. కొన్ని రోజులు మేత తగ్గించండి. కరెంటు చాలా గంటలు పోతే డబ్బాలోని నీరు కుళ్లుతుంది. దానిని పారబోసి, స్పాంజిని తొట్టె నీటిలో జాడించాకనే నడపండి. పారబోసే నీరు మొక్కలకు మంచి ఎరువు.

ఆ ఇంటివారు మళ్లీ మొదలుపెట్టారు. కొత్త తొట్టెలో ఈ జీవులు స్థిరపడడానికి నాలుగు నుండి ఆరు వారాలు పట్టవచ్చు. అయితే పక్కింటి భాయ్ తన తొట్టెలో నుండి తడి ఆరని స్పాంజి ముక్క ఒకటి తెచ్చి ఇచ్చాడు. ఇరుగు పొరుగు తోడు పెరుగు ఇచ్చిపుచ్చుకున్నట్లే! మొన్న వెళ్లినప్పుడు పిల్లవాడు నా చెయ్యి పట్టి లాక్కొనిపోయి రెండు కొత్త చేపలను చూపించాడు.