పలకని అక్షరానికి తల వంచుకోవాలా?

ఇంటర్ మొదటి సంవత్సరంలో ఫీజు కట్టి, కౌంటర్‌లోని సారును "రిసిప్ట్ ఇయ్యండి సార్" అని అడిగాను. వరుసలో వెనకున్నవాళ్ళంతా నవ్వారు. ఆ ఏడాదంతా నేను క్లాసులో ఇంగ్లీషు మాట కోసం నోరు విప్పలేదు. మన హాస్టల్‌లో అలా నోరు మూసుకున్న తమ్ముళ్ళు ఇప్పుడూ ఉన్నారు. వాళ్ళ కోసమే ఈ నాలుగు మాటలు.

నేను చేసిన తప్పేమిటి? రాసి ఉన్న అక్షరాన్ని చదవడం. తెలుగు పలక మీద మనకు నేర్పింది అదే కదా! (మన 'చలి'లోని చ, 'చిలుక'లోని చ ఒకటి కావు. అది మన నాలుకకు పుట్టుకతోనే తెలుసు.) 'పి' పలకదని చెప్పడానికి మా ఇంట్లో చదివినవాళ్ళు లేరు. నవ్వినవాళ్ళ ఇళ్ళలో ఉన్నారు. తేడా అంతే.

నిజానికి రిసీట్‌లో 'పి', అప్పు అనే అర్థమిచ్చే డెట్‌లో 'బి' ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు లేవు. వాటి మూలం లాటిన్ అని చూపించడానికి పండితులు తర్వాత చేర్చారు. జనం పాత పలుకే పలికారు. వీరుడు అనే అర్థంలోని నైట్‌కు ముందున్న 'కె'ని మాత్రం ఒకప్పుడు పలికేవారు. 1476లో కాక్స్‌టన్ ఇంగ్లండులో అచ్చుయంత్రం పెట్టాక రాత మెల్లగా గట్టిపడింది, పలుకు మారుతూనే పోయింది. ఇంటిపేర్లు మరీ ఘోరం. కూడబలుక్కుంటే 'చోల్‌మొండెలీ' అని వచ్చే పేరును వాళ్ళు 'చమ్లీ' అంటారు!

మరి మన గుత్తిని ఇంగ్లీషులో జి, రెండు ఓలు, టి, వై అని రాశారు. అది చూసి కొత్తవాళ్ళు 'గూటీ' అంటే మనం నవ్వం, "గుత్తి అనాలన్నా" అని చెప్తాం. కడప స్పెల్లింగునైతే 2005లో ప్రభుత్వమే మార్చింది. 1969లో అనంతపురం వచ్చి ఆర్.డి.టి. స్థాపించిన ఫెర్రర్ గారి పేరు స్పెయిన్‌లో 'బిథెంతె'. మన పల్లెల్లో ఆయన విన్సెంట్ ఫెర్రర్. దానివల్ల ఎవరి గౌరవం తగ్గింది?

సరైన ఉచ్చారణ అక్కరలేదని నేననను. ఇంటర్వ్యూలో కూర్చున్నవాళ్ళు ఈ చరిత్రంతా వినరు. అందుకే అడుగుతున్నాను. వార్డెన్ గారు ఉచ్చారణ గుర్తులున్న డిక్షనరీ ఒకటి కొనివ్వాలి. సెల్‌ఫోన్ ఉన్నవాళ్ళు అందులో మాటను వినిపించవచ్చు. రాత్రి స్టడీ అవర్ అయ్యాక పది నిమిషాలు, రోజుకు ఐదు మాటలు, అందరూ పైకి చదవాలి. నవ్వినవాడు మరుసటి రోజు ముందుగా చదవాలి. మొదటి రోజు 'రిసీట్' నేను చదువుతాను.