ఇల్లు మారితే అంకెలూ మారాలి

బదిలీ ఉత్తర్వు వచ్చిందంటే మన ఇళ్ళలో ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. అట్టపెట్టెలు, తాళ్ళు, గ్యాస్ కనెక్షన్ మార్పు, బడిలో టీసీ. కొత్త ఇంట్లో అడుగు పెట్టగానే ఫ్యాన్లెన్ని, ట్యూబులైట్లెన్ని, కుళాయిలు కారుతున్నాయా అని నాన్నగారు చూసుకుంటారు. తాళంచెవులు లెక్కపెట్టి తీసుకుంటారు. కాని తలుపు పక్కన గోడకు బిగించిన అలారం కీప్యాడ్‌ను ఎవరూ పట్టించుకోరు. దాని కోడ్ కూడా తాళంచెవి లాంటిదే. దాన్ని అడిగి తీసుకోవాలి, తీసుకున్న రోజే మార్చాలి. ఇది మా అభిప్రాయం.

ఈ అభిప్రాయం మాకు ఊరికే రాలేదు. కిందటి బదిలీలో మేము చేరిన అద్దె ఇంట్లో అలారం ఉంది. కోడ్ 1234 అని ఇంటివారు ఫోనులో చెప్పారు. సులువుగా గుర్తుంటుందని మేమూ సంతోషించాం. ఒకరోజు అమ్మ ఆఫీసుకు వెళ్తూ, 'ఇంట్లో ఉన్నాం' అనే మీటకు బదులు 'బయటికి వెళ్తున్నాం' అనే మీట నొక్కింది. ఇంట్లో నానమ్మ ఉంది. మొదటి పద్ధతిలో తలుపులకు మాత్రమే కాపలా ఉంటుంది. రెండో పద్ధతిలో గదిలో మనిషి కదిలినా, ఆ ఒంటి వేడిని సెన్సార్ పసిగడుతుంది. నానమ్మ హాల్లోకి రాగానే సైరన్ మోగింది. కీప్యాడ్ తెర మీద ఉన్నవన్నీ ఇంగ్లీషు పొట్టి మాటలు. తెలుగు పుస్తకాలన్నీ చదివే నానమ్మకు ఒక్కటీ అర్థం కాలేదు.

పక్కింటి ఆంటీ పరుగున వచ్చి, నాలుగు మీటలు నొక్కి ఆపేశారు. "ముందున్నవాళ్ళు ఊరెళ్తూ మొక్కలకు నీళ్ళు పోయమని కోడ్ చెప్పారమ్మా" అన్నారు. ఆమెకు మేమెంతో రుణపడి ఉన్నాం. కాని ఆ రాత్రి నాన్నగారు అడిగిన ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు: "ఈ కోడ్ ఇంకా ఎంతమందికి తెలుసు?"

ఆ ఆదివారం అక్కా నేనూ కీప్యాడ్ ముందు కూర్చున్నాం. మాన్యువల్ పక్కన పెట్టుకుని మెనూలు ఒక్కొక్కటే తెరిచాం. మాస్టర్ కోడ్ కొడితే వాడుకరుల జాబితా వస్తుంది. 01, 02 అంటూ ఒక్కొక్కరికి ఒక్కో వరుస సంఖ్య. అక్కడ పాతవి చెరిపి కొత్తవి పెట్టవచ్చు. మధ్యలో కాసేపు ఆలోచిస్తూ కూర్చుంటే మెనూ దానంతటదే మూసుకుపోయింది. మూడుసార్లు మొదటికొచ్చాం. గడియారం కూడా తప్పుగా ఉంటే సరిచేశాం. ఎవరు ఎప్పుడు తలుపు తీశారో అలారం రాసిపెట్టుకుంటుంది, గడియారం తప్పైతే ఆ లెక్కంతా తప్పే.

నాలుగంకెల కోడ్‌లు 0000 నుంచి 9999 వరకు మొత్తం 10,000. కాని ఏళ్ళ తరబడి ఒకే కోడ్ వాడితే ఆ నాలుగు మీటలే అరిగి మెరుస్తాయి. అవేవో కంటికి కనిపిస్తే ఇక మిగిలేవి 24 వరుసలే. లెక్కల పుస్తకంలోని ప్రస్తారాలు మా గోడ మీదే కనిపించాయి! పుట్టిన సంవత్సరం పెట్టుకోవడమూ ఇలాంటి పొరపాటే.

"ఎలాగూ రెండు మూడేళ్ళలో వెళ్ళిపోతాం, ఇంత శ్రమ ఎందుకు?" అని కొందరంటారు. రెండు మూడేళ్ళకొకసారి మనుషులు మారే ఇల్లు కాబట్టే ఈ శ్రమ అవసరం. మనకు ముందున్నవాళ్ళు, వాళ్ళ పనిమనిషి, ఇరుగుపొరుగు, అలారం బిగించిన మనిషి, ఇలా ఎవరి దగ్గర ఏ కోడ్ ఉందో మనకు తెలియదు. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు. మన తలుపు ఎవరు తీయగలరో మనకు తెలిసి ఉండాలి, అంతే.

"పిల్లలకు తెలుసుగా, చాలు" అనేవారూ ఉన్నారు. చాలదు. సైరన్ మోగే వేళకు మనం బడిలో ఉంటాం. అందుకే నానమ్మకు ఆమె ఎంచుకున్న అంకెలతోనే సొంత కోడ్ పెట్టాం. ఏ మీట ఏం చేస్తుందో తెలుగులో రాసి కీప్యాడ్ పక్కన అతికించాం. కోడ్ మాత్రం దాని మీద రాయలేదు. అత్యవసరమైతే 112కు ఫోన్ చేయాలని అడుగున రాశాం. ఊరూరా తిరిగి నాలుగు భాషలు నేర్చుకున్న మనం, ఇంట్లో పెద్దవాళ్ళకు ఈ మాత్రం చేయలేమా?

పక్కింటి ఆంటీకీ ఒక కోడ్ ఇచ్చాం. ఇప్పుడది మేము ఇచ్చినది, ఆమె పేరున ఉన్నది.

రేపు మళ్ళీ బదిలీ వస్తుంది. వెళ్ళేముందు మా కోడ్‌లన్నీ చెరిపేస్తాం. కొత్తగా వచ్చేవారికి తాళంచెవులతో పాటు మాన్యువల్, మాస్టర్ కోడ్ ఇచ్చి, "ఈరోజే మార్చుకోండి" అని చెబుతాం. నానమ్మ కోసం రాసిన కాగితం మాత్రం తీయం. వాళ్ళింట్లోనూ ఒక నానమ్మ ఉండవచ్చు.