టోపీ అల్లిన చేతులతో ఒక బొమ్మ

జహీరాబాద్‌లో మా వీధి చివరి ఇంట ఒక సోదరి ఉన్నారు. రంజాన్ నెల సమీపిస్తున్నదంటే ఆమె చేతిలో క్రోషియా సూది ఆడుతూనే ఉంటుంది. భర్తకు, మామగారికి, మేనల్లుళ్ళకు, చివరకు మస్జిద్‌కు వచ్చే ఇరుగుపొరుగు పిల్లలకు కూడా ఆమె అల్లిన తెల్లని జాలీ టోపీలే. గత శీతాకాలంలో ఒక సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చారు. తొమ్మిదేళ్ళ కూతురు ఖుర్ఆన్ పారాయణం మొదటిసారి పూర్తి చేసింది. ఏం బహుమతి కావాలని అడిగితే, ఆ పాప కొత్త బట్టలు అడగలేదు, గాజులు అడగలేదు. “నిఖత్ జరీన్ బొమ్మ కావాలి. బజారులో దొరకదు కదా, నువ్వే అల్లు అమ్మీ!” అన్నదట.

“అల్లడం నాకు కష్టం కాదు ఆపా! కానీ అల్లవచ్చునా?” అని ఆ తల్లి సందేహం. ఇంట్లో అత్తగారు అప్పటికే తీర్పు చెప్పేశారు: బొమ్మలున్న ఇంట ఫరిష్తాలు అడుగుపెట్టరు, అందులోనూ బ్రతికున్న మనిషి బొమ్మ, అందులోనూ నిక్కరు తొడుక్కున్న మనిషి బొమ్మ!

ఆ పెద్దావిడ మాటను నవ్వి తోసిపుచ్చడం నాకు ఇష్టం లేకపోయింది. చిత్రాలు, ప్రతిమలు ఉన్న ఇంటిని గురించి వచ్చిన హదీసులను మనసులో పెట్టుకునే ఆమె మాట్లాడారు. అయితే అవే హదీసు గ్రంథాలలో మరొక దృశ్యమూ ఉంది. హజ్రత్ ఆయిషా (రజి) తాను బొమ్మలతో ఆడుకునేదాన్నని, చెలికత్తెలు వచ్చి తనతో ఆడేవారని, దైవప్రవక్త (స) ఇంట్లోకి రాగానే వారు సిగ్గుతో దాక్కుంటే ఆయనే వారిని తిరిగి తన వద్దకు పంపేవారని స్వయంగా తెలిపారు. ఇది బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. అబూ దావూద్‌లో ఇంకొక సంఘటన ఉంది. గాలికి తెర తొలగి ఆమె బొమ్మలు కనిపించాయి. వాటి నడుమ గుడ్డపేలికలతో చేసిన రెండు రెక్కలున్న గుర్రం ఒకటి. గుర్రానికి రెక్కలా అని ప్రవక్త (స) ఆశ్చర్యపోతే, సులైమాన్ (అలై) గుర్రాలకు రెక్కలుండేవని మీరు వినలేదా అని ఆమె ఎదురు ప్రశ్నించారు. ఆయన దంతాలు కనబడేంతగా నవ్వారు.

వీటికన్నా మా సోదరికి బాగా నచ్చినది రుబయ్యి బిన్తె ముఅవ్విజ్ (రజి) చెప్పిన సంగతి. ఆషూరా నాడు మదీనా తల్లులు తమ పిల్లల చేత కూడా ఉపవాసం ఉండనిచ్చేవారు. పిల్లలు ఆకలితో ఏడిస్తే ఉన్నితో చేసిన ఆటబొమ్మను చేతికిచ్చి, ఇఫ్తార్ వేళ వరకు మరపించేవారు. “ఉన్నితోనా?” అని మా సోదరి రెండుసార్లు అడిగారు. అవును, ఉన్నితోనే.

ఈ హదీసుల ఆధారంగానే పిల్లల ఆటబొమ్మలకు మినహాయింపు ఉందని అధిక సంఖ్యాక పండితులు భావించారు. ఆ అనుమతి తరువాత రద్దయిందన్నవారూ ఉన్నారు, ముఖకవళికలు లేని బొమ్మలకే అది వర్తిస్తుందన్నవారూ ఉన్నారు. ఎవరి ఇంటివారు తాము విశ్వసించే ఆలింను అడిగి నిర్ణయించుకోవాలి. ఈ ఇంట కుదిరిన ఒప్పందం ఇది: బొమ్మకు కళ్ళు, ముక్కు, నోరు ఉండవు. పాప ఆడుకునే వస్తువే తప్ప అద్దాల అలమరాలో అలంకరించి నిలబెట్టేది కాదు. నిక్కరుకు బదులు నిండు ట్రాక్‌సూట్.

మరి ముఖం లేకపోతే అది నిఖత్ జరీన్ అని ఎలా తెలుస్తుంది?

ఈ ప్రశ్నకు పాప దగ్గర సిద్ధంగా సమాధానం ఉంది: ఎర్రని గ్లౌజులు, తలకు ఎర్రని రక్షణ కవచం, మెడలో బంగారు పతకం. నిజామాబాద్‌లో 1996లో జన్మించిన ఈ అమ్మాయి 2022 మే నెలలో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో ప్రపంచ విజేత అయింది. మరుసటి ఏడాది ఢిల్లీలో 50 కిలోల విభాగంలో మళ్ళీ గెలిచింది. ఆడపిల్లకు ఈ ఆటేమిటి, ఈ దుస్తులేమిటి అన్నవారి మాటలను తట్టుకుని తండ్రి ఆమె వెంట నిలిచారు. దుస్తుల విషయంలో మనవారి అభ్యంతరం అర్థం చేసుకోదగినదే. అయితే 2019లో అంతర్జాతీయ బాక్సింగ్ సంఘం హిజాబ్‌ను, నిండు దుస్తులను అనుమతించిన సంగతి కూడా మన ఆడపిల్లలకు తెలియాలి. అమెరికా కత్తిసాము క్రీడాకారిణి ఇబ్తిహాజ్ ముహమ్మద్ 2016 రియో ఒలింపిక్స్‌లో హిజాబ్‌తోనే కాంస్య పతకం అందుకుంది. మరుసటి ఏడాది ఆమె రూపంలో హిజాబ్ ధరించిన బార్బీ బొమ్మను కూడా ప్రకటించారు.

నన్ను ఆకట్టుకున్నది ఇంకొకటి. 2024లో పారిస్‌లో నిఖత్ ఓడిపోయిన సంగతి కూడా ఆ పాపకు తెలుసు. ఓడించిన చైనా క్రీడాకారిణి వూ యూయే చివరకు స్వర్ణం గెలిచిందని కూడా చెప్పింది. సినిమా తారల ముఖాలను గోడలకు అంటించుకునే అభిమానంలో ఓటమికి చోటుండదు. ఈ పిల్ల అభిమానంలో దానికీ చోటుంది.

ఇక అల్లిక. బొమ్మ తల, నమాజు టోపీ ఒకే చోట మొదలవుతాయన్నది తెలిశాక మా సోదరికి సగం భయం తీరింది. దారాన్ని వేలికి చుట్టి వలయం చేసి అందులో 6 కుట్లు. రెండవ వరుసలో ప్రతి కుట్టులోనూ రెండేసి, అంటే 12. తరువాత 18, 24, 30, 36. వరుసకు ఆరు చొప్పున పెరిగినంతసేపూ అది బల్లపరుపు చక్రం. పెంచడం ఆపిన క్షణం నుండి అంచు కిందికి వంగి గిన్నె అవుతుంది. టోపీ పని అక్కడితో సరి. బొమ్మ తల మాత్రం పెరిగిన లెక్కలోనే తరిగి, మెడ దగ్గర మూసుకుంటుంది. జపానువారు ఈ విద్యను అమిగురుమి అంటారు.

తేడా ఒక్కటే. టోపీకి రంధ్రం అందం, బొమ్మకు రంధ్రం లోపం. జాలీ అల్లి అలవాటైన చేతులు వదులుగా అల్లడంతో మొదటి తలలోంచి లోపలి దూది తెల్లగా తొంగిచూసింది. ఆమె దాన్ని మొత్తం విప్పి, ఆ దారానికి మామూలుగా వాడేదానికన్నా సన్నని సూది తీసుకుని బిగువుగా మళ్ళీ అల్లారు. వరుసలను కలపకుండా మెట్లబావిలా చుట్టూ తిరుగుతూ పోవాలి గనుక, వరుస మొదలైనచోట వేరే రంగు దారపు ముక్క పెట్టుకోకపోతే లెక్క తప్పుతుంది. లోపల బూరుగు దూది కూరితే తడిసినప్పుడు ముద్దకడుతుంది. ఉతకవలసిన బొమ్మకు పాలిస్టర్ దూదే మేలు. మెడలో గట్టిగా దట్టించాలి, లేదంటే విజేత తల వాల్చేస్తుంది. మూడేళ్ళలోపు పసివాళ్ళున్న ఇంట బొత్తాలు, పూసలు కుట్టనే వద్దు. ఊడివస్తే నేరుగా నోట్లోకి పోతాయి.

మొత్తం ఇరవై రెండు సాయంత్రాలు పట్టింది. బజారులో మూడు వందలు పెడితే బొమ్మ వచ్చేది కదా అని ఆడపడుచు నవ్విందట. ఇంటిపట్టున కూర్చున్న ఆడవారి వేళ్ళ కష్టానికి వెల కట్టడం మనకు ఎన్నడూ చేతకాలేదు. పశ్చిమ గోదావరి జిల్లా నర్సాపురం లేసు అల్లిక విదేశాలకు ఎగుమతి అవుతుంది, 2024లో భౌగోళిక గుర్తింపు కూడా పొందింది. అయినా దాన్ని అల్లే స్త్రీలను కార్మికులుగా కాక, తీరిక వేళ అల్లుకునే గృహిణులుగానే లెక్కించారని మరియా మీస్ 1982లోనే ఒక గ్రంథం రాసి చూపారు. (మా సోదరిని చూసి ఇలాంటి బొమ్మలు అల్లి అమ్ముదామనుకునేవారికి ఒక మాట: ఒకరి పేరుతో వ్యాపారం చేయాలంటే వారి అనుమతి కావాలి. ఇంటి పిల్లకిచ్చే కానుక సంగతి వేరు.)

ఖతం దుఆ జరిగిన రోజు బొమ్మను పాప చేతికిచ్చారు. ముఖం లేదని పాప అడుగుతుందేమోనని అందరూ ఎదురుచూశారు. అడగలేదు. అత్తగారు కూడా చేతిలోకి తీసుకుని, ట్రాక్‌సూట్ అంచు లాగి చూసి, కుట్టు బిగువుగా ఉందన్నారు.

అసర్ వేళ మాత్రం పాప బొమ్మను పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. గ్లౌజులు చేతులకు కలిపి కుట్టేసి ఉన్నాయి. “ఇవి తీయకపోతే తను వుజూ ఎలా చేస్తుంది అమ్మీ?”

ఆ రాత్రి ఇషా తరువాత ఆ తల్లి కత్తెర తీసుకుని రెండు మణికట్ల దగ్గర కుట్లు విప్పారు. వలయం చుట్టి, 6 కుట్లతో ఒక చిన్న చేతిని మొదలుపెట్టారు.