దీపం వెలిగితే గాలి మంచిదేనా?

మీథేన్ 1.25 శాతం దాటితే కరెంటు తీసేయాలి. గోదావరిఖని భూగర్భ గనుల్లో ఏ ఓవర్‌మన్‌ను (గని పర్యవేక్షకుణ్ని) నిద్రలేపి అడిగినా చెప్పే నియమమిది. మరి కరెంటు పోయింది కాబట్టి గ్యాస్ వచ్చిందనవచ్చా? కేబుల్ తెగినా పోతుంది కదా!

గనిలో గాలిని పరీక్షించే సేఫ్టీ ల్యాంపుతో చిక్కు ఇంకా పెద్దది. ఆక్సిజన్ బాగా తగ్గితే దీపం ఆరిపోతుంది. అలాగని, వెలుగుతోంది కాబట్టి గాలి మంచిదేనని తీర్మానిస్తే ప్రాణాల మీదికొస్తుంది. రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ మనిషిని చంపే మోతాదులో ఉన్నా దీపం వెలుగుతూనే ఉంటుంది.

1966లో మనస్తత్వవేత్త పీటర్ వేసన్ అక్షరాలు, అంకెల కార్డులతో ఇలాంటి ‘అయితే’ పరీక్షే పెడితే చదువుకున్నవాళ్లే ఎక్కువమంది తప్పారు. నియమం ఎవరు మీరారో పట్టుకొమ్మంటే మాత్రం జనం సులువుగా పట్టేస్తారని తర్వాత తేలింది.

అందుకే సింగరేణి శిక్షణ కేంద్రాల్లో కొత్త కార్మికులకు నియమం చెప్పి వదిలేయకుండా, దాన్ని తిరగేసి కూడా అడగాలి.