ఖాళీగా కూర్చునే ఉద్యోగం

మొన్న ఒక పెళ్ళికని తెనాలి వెళ్ళాను. భోజనాల దగ్గర మా పెద్దమ్మ కొడుకు పక్కన చోటు దొరికింది. అన్నయ్య ఈమధ్యే ఫైర్ సర్వీసులో రిటైరయ్యాడు. తెనాలి, బాపట్ల, రేపల్లె మూడుచోట్లా పనిచేశాడు. నేనేదో గొప్ప చెప్పుకుందామని "వారమంతా ఒకటే ఫైర్ ఫైటింగన్నయ్యా, రాత్రి రెండింటికి కూడా లేపారు" అన్నాను. ఆయన సాంబారు కలుపుకుంటూ "ఏం కాలిందిరా?" అన్నాడు.

వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. నలభై నిమిషాలు పేమెంట్ పేజీ రాలేదని చెప్పడానికి నాకు సిగ్గేసింది :)

ఆ తర్వాత రెండు గంటలు ఆయనే మాట్లాడాడు. ఏ సంగతి ఏ స్టేషన్లో జరిగిందో కావాలనే రాయట్లేదు. ఆయన చేసినన్నాళ్ళూ ఎక్కువగా ఇరవైనాలుగు గంటలు డ్యూటీ, ఇరవైనాలుగు గంటలు ఇల్లు. వినడానికి బాగానే ఉంది కదా? లెక్కేయండి, వారానికి సగటున 84 గంటలు. ఫ్యాక్టరీ కార్మికుడికి చట్టం పెట్టిన హద్దు 48. పైగా పక్కవాడు సెలవు పెడితే ఆ ఇల్లు కూడా ఉండదు. మనకి ఆన్-కాల్ వారానికి అలవెన్సు, మర్నాడు కాంప్-ఆఫ్. అదీ చాల్లేదని మేనేజర్ని తిట్టుకుంటాం.

అయినా ఆయన బాధ గంటల గురించి కాదు. సర్వీసంతా రెండే మాటలు విన్నాట్ట. మంటల్లేని రోజు "వీళ్ళకేం, ఖాళీగా కూర్చుని జీతం తీసుకుంటారు". మంటలున్న రోజు "అంతా కాలాక వచ్చారు".

రెండోది ఎలా వస్తుందో ఒక ఉదాహరణ చెప్పాడు. ఏప్రిల్లో ఒక మిట్టమధ్యాహ్నం, స్టేషనుకి పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో పూరిళ్ళు అంటుకున్నాయి. చుట్టుపక్కలవాళ్ళు ముందు బిందెలతో నీళ్ళు పోశారు. లాభం లేదని తెలిశాక ఎవరికో 101 గుర్తొచ్చింది. అప్పటికే పావుగంట. బెల్లు మోగాక బండి నిమిషంలో రోడ్డెక్కింది. దార్లో రైల్వే గేటు ఆరు నిమిషాలు. ఊళ్ళోకి వెళ్ళేసరికి రోడ్డుకి అడ్డంగా ట్రాక్టరు. తాటాకు ఇల్లు పూర్తిగా కాలడానికి అంతసేపు అక్కర్లేదు. బండి ఆగగానే అద్దం మీద మట్టిగడ్డ పడింది. "ఇప్పుడొచ్చారేంట్రా, బొగ్గులేరుకోడానికా?"

ఇందులో వాళ్ళ చేతిలో ఉన్నది ఎంత? బెల్లు నుంచి చక్రం కదిలేదాకా ఒక్క నిమిషం. మిగతా ఆలస్యమంతా వేరేచోట్ల ఉంది. తిట్లు మాత్రం చివర కనిపించినవాడికి. మనకి బాగా తెలిసిన వ్యవహారమే ఇది!

కథ అక్కడితో అవలేదు. మామూలు ఫైరింజనులో పట్టేది సుమారు 4,500 లీటర్లు. రెండు గొట్టాలు పూర్తిగా తెరిస్తే పది నిమిషాలు కూడా రాదు. డెల్టాలో నీళ్ళకి కొదవేముంది, కాలవలోంచి తోడుకోవచ్చు అనుకున్నాను నేను. "ఏప్రిల్లో కాలవలో నీళ్ళెక్కడున్నాయిరా? కాలవలు కట్టేస్తారుగా" అన్నాడు. ఆ ఊళ్ళలోనే పుట్టి పెరిగిన నాకిది తట్టనే లేదు. ఇళ్ళు తగలబడే నెలల్లోనే కాలవలు ఎండుతాయి. ఆ రోజు రెండు కిలోమీటర్లు వెనక్కెళ్ళి చెరువులోంచి తోడుకొచ్చారు. ఈలోగా ఒక ముసలావిడ బూడిదలోంచి ట్రంకుపెట్టె లాగించి, అంచులు కాలిన నోట్లు చూపించి బ్యాంకులో మారుస్తారా అని అడిగిందట. తిట్లు గుర్తులేవు గానీ అది గుర్తుంది అన్నాడు.

ఇక మొదటి మాట, ఖాళీగా కూర్చోవడం. పొద్దున పరేడు, డ్రిల్లు, పంపు టెస్టు, బండి స్టార్ట్ చేసి చూసుకోవడం, తడిసిన గొట్టాలు ఆరబెట్టడం. ఇవి పక్కనపెట్టినా నాకో సందేహం. ఎప్పుడో ఒకసారి పనికొస్తుందని మనం రెండో డేటా సెంటరుకి ఏడాది పొడుగునా అద్దె కడతాం. దాన్ని సోమరి అనం, హై అవైలబిలిటీ అంటాం, స్లైడ్లలో పెట్టుకుని మురుస్తాం. మనిషి అదే పని చేస్తే మాత్రం దండగ జీతం.

నన్నడిగితే ఆ రెండు మాటలూ ఒకటే. ఖాళీగా ఉన్నారని స్టేషన్లు పెంచరు, మనుషుల్ని వెయ్యరు. స్టేషను దూరమైతే బండి ఆలస్యం. జాతీయ స్థాయి సలహా సంఘం ఎప్పుడో చెప్పిన ప్రమాణం పట్నంలో 5 నుంచి 7 నిమిషాలు, పల్లెలో 20 నిమిషాలు. రేపల్లె అవతల లంక గ్రామాలనీ, నిజాంపట్నం వైపు తీరాన్నీ తల్చుకుని ఆ ఇరవై నిమిషాలు ఎలా కుదురుతాయో మీరే చూడండి. అగ్నిమాపక సేవల విస్తరణకని 2023లో కేంద్రం 5,000 కోట్ల పథకం మొదలుపెట్టింది. మంచిదే. అందులో కొత్త బండి కనిపించినంత తేలిగ్గా కొత్త మనిషి కనిపించడు.

అన్నట్టు వీళ్ళ పని మంటలొక్కటే కాదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటప్పుడు రోడ్లమీద పడ్డ చెట్లు కొయ్యాలి. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులొచ్చి లంకలు మునిగాయి. అదే వరదల్లో బెజవాడ ఇళ్ళల్లో పేరుకున్న బురద కడిగింది కూడా ఫైరింజన్లే.

ఊరికో ఫైర్ స్టేషను కుదరదు, ఒప్పుకుంటాను. మరి ఏం చెయ్యాలని అన్నయ్యని అడిగాను. పెద్ద కోరికలేం చెప్పలేదు. బిందె పట్టుకునే ముందు ఒకడు 101 చెయ్యాలి, ఊళ్ళోకి బండి తిరిగే దారి ఉంచాలి, ఊరి వాటర్ ట్యాంకుకి కింద ఫైరింజను గొట్టం తగిలించే కప్లింగు ఒకటి బిగించాలి. "మీరంతా గుడికి, స్వాగత ద్వారాలకి చందాలిస్తారుగా, అందులో ఇది ఎంత?" అన్నాడు.

మర్నాడు డెల్టా ఎక్కేముందు మా ఊరి పంచాయతీ ఆఫీసుకి వెళ్ళి ఆ కప్లింగు సంగతి అడిగాను. డబ్బు నేనిస్తానన్నాను. సెక్రటరీ గారు మర్యాదగానే కూర్చోబెట్టి, ద్వారం మీద పేరు వేయిస్తాం గానీ ట్యాంకు మీద కుదరదండీ అన్నారు. పేరు వద్దండీ అని చెప్పాను. అయితే చూద్దామన్నారు. వచ్చే శనివారం మళ్ళీ ఫోన్ చెయ్యాలి.